నూనె తేలిందని సంబరపడ్డాను

మా అత్తమ్మది ఆకివీడు పక్కన ఓ పల్లె. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే చేపల చెరువు, దాని గట్టు దాటితే ఇంకో చెరువు. అలాంటి చోటి నుంచి వచ్చిన మనిషికి హైదరాబాద్‌లో, అద్దింటి వంటగదిలో, చేపల పులుసు వండి పెడతానని నోరు జారాను. జారింది నోరొక్కటే అయితే బాగుండేది.

మొన్న జూన్ సంగతి ఇది. వేసవి సెలవులకు అమ్మమ్మ ఊరెళ్లిన మా పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని అత్తమ్మ వచ్చారు. బడి 12న తెరుస్తారు, ఆవిడ వచ్చింది 7న. మర్నాడు ఆదివారం, దానికి తోడు మృగశిర కార్తె. మా నల్లగొండ వైపు మిరుగు అంటాం. మిరుగు నాడు మా ఊళ్లో చేప ఉడకని ఇల్లు ఉండదు. చేపలు తిననివాళ్లు ఇంగువా బెల్లం కలిపి ఉండ చేసుకుని మింగుతారు. రోహిణి ఎండలు పోయి వానలు మొదలయ్యే రోజులు కాబట్టి ఒంట్లో వేడి పుట్టాలని, జలుబూ దగ్గూ దరి చేరకూడదని పెద్దల మాట. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఉబ్బసం ఉన్నవాళ్లకు కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగించేదీ ఈ కార్తెకే. ఒంట్లో వేడి సంగతి మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ చేపల మీద ఉంది.

అత్తమ్మకు ఇదంతా వింత. "మాకు కార్తెలు నారుమళ్లకేనండి, కూరలకి కాదు" అన్నారు నవ్వుతూ.

"అయితే రేపు మా మిరుగు చూడండి అత్తమ్మా. వంట నాదే" అన్నాను.

మా ఆవిడ గిన్నెలు తోముతూ వెనక్కి తిరిగి చూసింది. "చికెన్ చేసెయ్యండి, గొడవుండదు" అంది. వినలేదు.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. పెళ్లికి ముందు ఆరేళ్లు విద్యానగర్‌లో రూమ్‌లో ఉన్నాను. ఆ రోజుల్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవి మూడే: పప్పుచారు, గుడ్డు పొరటు, చేపల పులుసు. మొదటి రెండూ ఎవరైనా చేస్తారు. మూడోది మాత్రం పక్క రూమ్‌ల వాళ్లు కంచాలు పట్టుకుని వచ్చి తినిపోయేవాళ్లు. బొచ్చె చేపతో చేసేవాణ్ని, ఎప్పుడూ బొచ్చెతోనే. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

ఆదివారం పొద్దున ఆరున్నరకే రాంనగర్ మార్కెట్‌కు వెళ్లాను. ఆరున్నరకే అని నేననుకుంటున్నాను, ఊరంతా ఐదింటికే వచ్చేసినట్టుంది. బండి పెట్టడానికి చోటు దొరక్క నాలుగు సందులు తిరిగాను. లోపల చెప్పులు మునిగే నీళ్లు, కాళ్ల కింద నలిగే ఐసు ముక్కలు, నెత్తి మీద థర్మాకోల్ పెట్టెలతో "జరుగు జరుగు" అంటూ దూసుకెళ్లే కుర్రాళ్లు. బతికున్న కొర్రమీను కిలో 700 అన్నాడొకాయన. మామూలు రోజుల్లో 450కి తెచ్చుకున్నదే. బొచ్చె 280, రవ్వ 260. బేరమాడబోతే అమ్మే ఆమె నా వైపు కూడా చూడకుండా "ఇయ్యాల బేరం లేదు సార్, మిరుగు" అంది. పోనీ అంతకే కొందామన్నా, కొన్నాక కోయించుకోవడానికి ఇంకో క్యూ. కత్తిపీటల ముందు ఒక్కొక్కరి చేతిలో అయిదేసి కిలోల సంచులు. అది చూసేసరికే ఓపిక చచ్చిపోయి వట్టి చేతులతో బయటపడ్డాను.

మా ఇంటికి రెండు సందుల ముందు, రోజూ కొబ్బరిబోండాలు అమ్మే చోట, ఆ పొద్దున నీలం టార్పాలిన్ కట్టి ఉంది. మిరుగు నాడు హైదరాబాద్‌లో ప్రతి మలుపు దగ్గరా ఇలాంటి దుకాణమొకటి పుట్టుకొస్తుంది. రెండు ట్రేలు. ఒకదాంట్లో రవ్వలు. రెండోదాంట్లో, ఐసు మధ్యన, పొలుసు లేని చేపలు. వెన్ను బూడిద రంగు, పక్కలు వెండిలా తళతళ, పొట్ట తెల్లగా, కాస్త ఉబ్బెత్తుగా. మూతి దగ్గర చిన్న చిన్న మీసాలు. ఒక్కోటి కిలో పైనే తూగేలా ఉంది. పక్కన అట్టముక్క మీద 130 అని రాసుంది.

నాకు వెంటనే వాలుగ గుర్తొచ్చింది. వాలుగకూ పొలుసుండదు, మీసాలుంటాయి, మెరుస్తుంది. చిన్నప్పుడు మా చెరువు పట్టినప్పుడు ఒకటో రెండో పడేవి. అవి మా ఇంటిదాకా వచ్చేవి కావు, గట్టు మీదే పెద్దవాళ్ల సంచుల్లోకి వెళ్లిపోయేవి. అంటే వాలుగను నేను చూసింది దూరం నుంచి, పదేళ్ల వయసులో.

"వాలుగేనా?" అనడిగాను. చేపలు తెలిసినవాడినని అతనికి తెలియాలి కదా.

అమ్మే కుర్రాడు ఒక్క క్షణం నన్ను చూశాడు. "అసొంటిదే అన్నా. ముల్లు లేదు. పిల్లలకు మంచిగుంటది."

ఆ 'అసొంటిదే'లో ఏముందో నాకు రాత్రి ఎనిమిదిన్నరకు అర్థమైంది. అప్పుడు మాత్రం చెవికెక్కినవి రెండే: 130, ముల్లు లేదు. మొప్ప ఎత్తి చూశాను, ఎర్రగా ఉంది. వేలితో నొక్కాను, గుంట నిలవలేదు. కన్ను తేటగా ఉంది. తాజా చేపే, అందులో అనుమానం లేదు. కుర్రాడు నన్ను మోసం చెయ్యలేదని ఇప్పటికీ అంటాను. పేరు అడగాల్సిన చోట నేనే పేరు పెట్టాను, అతను కాదనలేదు, అంతే.

రెండు చేపలు రెండు కిలోల ఆరు వందల గ్రాములు తూగాయి. 320కి ఖాయం చేసుకుని, ఎంత మిగిలిందో మనసులో లెక్కేసుకుంటూ నిలబడ్డాను. కత్తిపీట ముందు కూచున్న పెద్దాయన తలలు తీసి పక్కన పెట్టి, "పొట్ట తీసెయ్యాలా?" అనడిగాడు.

"పొట్ట ముక్కే కదా రుచి, ఉంచు" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు.

ఇంటికెళ్తూనే గుమ్మంలోంచే చెప్పాను, వాలుగ దొరికిందని. అత్తమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "వాలుగే! ఎన్నేళ్లయిందో అండీ తిని" అన్నారు. వాళ్ల చిన్నప్పుడు కొల్లేట్లో వాలుగలు పడేవట. వాళ్ల నాన్నగారు వాలుగ తెచ్చిన రోజు ఇంటికి చుట్టాలొచ్చినంత హడావిడి ఉండేదట. ఇప్పుడు ఎటు చూసినా పెంచే చేపలే గానీ వాలుగ కంటికి కనపడటం లేదని, దాని ముక్క వెన్నలా ఉంటుందని, మామిడికాయ వేస్తే ఇంకా బాగుంటుందని, అలా పావుగంట చెప్పారు. ఆవిడ అంత సంబరంగా మాట్లాడటం పెళ్లయిన పదకొండేళ్లలో నేను చూడలేదు. "ఏదీ, ఒకసారి చూడనివ్వండి" అని ఫ్రిజ్ వైపు వెళ్లబోతే నేనే అడ్డం నిలబడ్డాను. "ఇప్పుడు కాదత్తమ్మా, రాత్రికి కంచంలోనే చూద్దురు" అని.

ఆవిడ ఒక్కసారి ఆ సంచీ విప్పి చూసి ఉంటే కథ అక్కడికే అయిపోయేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడా, అత్తమ్మా, పిల్లలూ బ్యాగులకూ బూట్లకూ కోఠి వెళ్లారు. ఇల్లు నా చేతికొచ్చింది. సగం ముక్కలు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, మిగతా సగం కడగడానికి కూచున్నాను. జిగురు. ఒకసారి కడిగితే చేతికి అంటుకుంది, రెండోసారి కడిగితే గిన్నెకు అంటుకుంది. పొలుసు లేని చేపలను అమ్మ బూడిదేసి బండ మీద రుద్దేది. ఫ్లాట్‌లో బూడిదెక్కడిది? కల్లుప్పూ పసుపూ వేసి నాలుగుసార్లు రుద్ది కడిగాను. పొట్ట ముక్కల లోపలి వైపు వేలు మందాన కొవ్వు, పసుప్పచ్చగా, మెత్తగా. కండ కూడా తెల్లగా లేదు, లేత పసుపు. అబ్బ, ఎంత బలిసిన చేప, అనుకున్నాను. మాంసం మీద కొవ్వుంటే రుచి అని అందరూ అంటారు కదా, చేపకు మాత్రం ఎందుకు కాకూడదు?

అమ్మకు ఫోన్ చేశాను.

"ఏం చేప బిడ్డా?"

"వాలుగ."

"మంచిగ దొరికింది. గంటె పెట్టకు, గిన్నె పట్టి తిప్పు. నూనె తేలెదాంక దించకు."

ఉల్లిగడ్డలు రెండు పొయ్యి మంట మీదే నల్లగా కాల్చి పొట్టు తీశాను. ధనియాలు, జీలకర్ర, కాసిన్ని మెంతులు, ఎండుకొబ్బరి వేయించి, కాల్చిన ఉల్లిగడ్డ, వెల్లుల్లి కలిపి ముద్ద చేశాను. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టాను. మట్టి చట్టిలో నూనె పోశాను, అయిదు చెంచాలే. పోయినేడు రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువొచ్చినప్పటి నుంచి నూనె లెక్కపెట్టి పోస్తున్నాం. పచ్చిమిర్చి, కరివేపాకు, మసాలా ముద్ద, కారం, ఉప్పు, పసుపు, ఆ తర్వాత చింతపండు పులుసు. బాగా మరిగాక ముక్కలు ఒక్కొక్కటే జారవిడిచి, అత్తమ్మ మాట గుర్తొచ్చి నాలుగు మామిడికాయ చెక్కలూ వేసి మూత పెట్టాను. మంట తగ్గించి ఇరవై అయిదు నిమిషాలు. బొచ్చెకు అంత పడుతుంది.

పదో నిమిషంలో మూత తీసి చూస్తే నూనె తేలింది. మామూలుగా తేలడం కాదు, చట్టి అంతా కమ్ముకుని, బంగారు రంగులో, కింద ముక్కలు కనపడనంత. అయిదు చెంచాలకే ఇంత తేలిందంటే నా చెయ్యి తిరిగిపోయిందన్నమాట, అనుకుని ఫోటో తీసి అమ్మకు పంపాను. ద్రవ్యనిత్యత్వ నియమం ఏటా జూలైలో పిల్లలకు చెప్తాను. వేసింది అయిదు చెంచాలైతే పది చెంచాలు ఎలా తేలిందని ఒక్కసారి బుర్ర పెట్టి ఉంటే సరిపోయేది. ఆ రోజు బుర్ర సెలవులో ఉంది.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. మిరుగు నాడే తొలి వాన, చెప్పి వచ్చినట్టు. వంటింటి కిటికీలోంచి తడిసిన మట్టి వాసన గుప్పుమంది. చట్టి పక్కన నిలబడి ఆ వాసన గుండెల నిండా పీల్చాను. పులుసు చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూశాను. ఉప్పూ పులుపూ కుదిరాయి. వెనకాల ఏదో మట్టి వాసన తగిలింది గానీ అది కిటికీలోంచి వచ్చిందే అనుకున్నాను.

వాళ్లు తడిసి వచ్చేసరికి ఏడున్నర. ఎనిమిదింటికి కింద చాప పరిచి అందరినీ కూచోబెట్టి నేనే వడ్డించాను. అత్తమ్మకు పెద్ద ముక్క పెడదామని గరిటె అడుక్కి పోనిచ్చాను. గరిటె తగలగానే ముక్క నాలుగు పొరలుగా విడిపోయింది. ఇంకోటి తీయబోయాను, అదీ అంతే. తోలు మాత్రం చెక్కుచెదరకుండా, తడిసిన రబ్బరు ముక్కలా గరిటెకు వేలాడింది. చివరికి ఆవిడ కంచంలో పడింది ముక్క కాదు, పులుసులో తేలే పొరలు. పొట్ట ముక్కైతే సగం కరిగి జారుతూ ఉంది. ముళ్లున్న చేపను ఆ ముళ్లే పట్టి నిలబెడతాయేమో అని అప్పుడనిపించింది. బొచ్చె ముక్క ఎంత ఉడికినా ముక్కగానే ఉంటుంది. ఇదేమో పెళ్లిలో అలిగిన చుట్టంలా, ముట్టుకోకముందే విడిపోతోంది.

అత్తమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. మింగారు. మంచినీళ్లు తాగారు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. అల్లుడు వండాడు కదా మరి.

మా చిన్నాడికి అలాంటి మొహమాటాలేం లేవు. "నాన్నా, మట్టి తిన్నట్టుంది" అన్నాడు.

"వాన వాసన నాన్నా అది" అన్నాను.

"బయట కాదు, నోట్లో."

నేనూ ఓ ముద్ద తిన్నాను. వాడు చెప్పింది నిజం. ముందు కారం, పులుపు, మెంతి వాసన వరసగా, బాగానే వచ్చాయి. ఆ తర్వాత నాలుక వెనక భాగంలో బురద. చెరువు నీళ్లు తగ్గినప్పుడు అడుగున నాచు ఎండుతుంటే వస్తుందే, ఆ వాసన. దాని మీద జిడ్డు, పెదాలకు అంటుకుని, నీళ్లు తాగినా పోకుండా.

అత్తమ్మ కంచంలో తోలు ముక్కను వేలితో తిప్పి చూశారు. వెండి రంగు, వెన్ను వైపు బూడిద. ఇంకోసారి తిప్పారు. అప్పుడు మెల్లగా, ఎవరికీ బాధ కలగకూడదన్నట్టు అన్నారు: "అల్లుడుగారూ, ఇది వాలుగ కాదండి. ఫంగస్."

నాకు గుండె ఆగినంత పనైంది. "ఫంగస్ పట్టిందా? లేదత్తమ్మా, మొప్పలు చూసే తెచ్చాను, ఎర్రగా ఉన్నాయి, పొద్దుటి నుంచి ఫ్రిజ్‌లోనే..." ఈలోపు మా ఆవిడ పిల్లల చేతులు పట్టుకుని కంచాలు లాగేస్తోంది.

"అయ్యో, అది కాదండి. చేప పేరే ఫంగస్."

మా ఆవిడ ముందు నవ్వింది. తర్వాత అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను కాస్త ఆలస్యంగా నవ్వాను.

అసలు పేరు పంగాసియస్. ఆకివీడు, కైకలూరు వైపు నోళ్లలో నలిగి ఫంగస్ అయింది. మీకాంగ్ నది చేప, వియత్నాం, థాయ్‌లాండ్ వైపుది. 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్‌కు, ఆ తర్వాత మన కోస్తా చెరువులకు వచ్చింది. అత్తమ్మ ఇంటి ఎదురు చెరువులో పెంచేది ఇదేనట. మిగతా చేపల్లా నీళ్లలోని ప్రాణవాయువు మీదే ఆధారపడదు, పైకొచ్చి గాలి మింగి వెళ్తుంది. అందుకే ఒక్కో చెరువులో వేలకు వేలు కిక్కిరిసి పెంచొచ్చు. "సాయంత్రం మేత చల్లితే చూడాలండీ, నీళ్లు ఉడికినట్టు ఉంటుంది" అన్నారు. పట్టినవి పట్టినట్టు ఐసులో పెట్టి లారీలెక్కిస్తారు, ఊళ్లో మాత్రం పెద్దగా ఎవరూ వండుకోరు. పెంచేవాళ్లు కూడా ఇంటికి రాగండో బొచ్చెనో తెప్పించుకుంటారు. అంటే అత్తమ్మ బస్సులో వచ్చిన దారినే, బహుశా అదే వారంలో, ఆవిడ వీధి చేపే లారీలో నా కంచానికి వచ్చి ఉండొచ్చు. ఆవిడకు దాన్ని నేను వాలుగని చెప్పి వడ్డించాను.

ఆ రాత్రి భోజనం కొత్తావకాయతో అయింది. అత్తమ్మ ఊరి నుంచి తెచ్చిన జాడీ అప్పుడే మూత తీశారు. వేడన్నం, నెయ్యి, ఆవకాయ. పిల్లలు మారు వడ్డించుకుని తిన్నారు. నేను మాత్రం పంతానికి పోయి రెండు ముక్కలు, అంటే రెండు ముక్కలంత పొరలు, పూర్తి చేశాను. చట్టి నిండా పులుసు అలాగే ఉండిపోయింది.

పడుకున్నాక నిద్ర పట్టలేదు. తొలివాన మట్టి వాసనకు కారణమైన పదార్థం పేరు జియోస్మిన్. నేలలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా తయారు చేస్తుంది. చెరువుల్లో పచ్చగా పేరుకునే నాచు లాంటి సయనోబ్యాక్టీరియా కూడా తయారు చేస్తుంది. చేప మొప్పల్లోంచి లోపలికి పోయి కొవ్వులో దాక్కుంటుంది. బీట్‌రూట్‌లో వచ్చే మట్టి వాసనా ఇదే. మనిషి ముక్కు దీన్ని నమ్మలేనంత తక్కువ మోతాదులోనే పసిగట్టేస్తుంది. అంటే ఆ సాయంత్రం కిటికీలోంచి వచ్చినదీ, చట్టిలోంచి వచ్చినదీ ఒకటే వాసన. బయట ఉన్నప్పుడు గుండెల నిండా పీల్చాను, కంచంలోకి వచ్చేసరికి నీళ్లు తాగాను. క్లాసులో ఇది చెప్తే పిల్లలు నవ్వుతారు, ఇంకా చెప్పలేదు.

పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది. చేపకు నిమ్మరసం, చింతపండు, మజ్జిగ పట్టించడం వెనక సంగతి ఇదే. మరి చట్టెడు చింతపండు పులుసులో ఉడికించాను కదా, ఎందుకు పోలేదు? ఎందుకంటే అది ఉన్నది కొవ్వులో. కొవ్వు కరిగి పులుసు మీదకు తేలింది. పులుపు కింద, వాసన పైన. నేను ఫోటో తీసి అమ్మకు పంపిన బంగారు రంగు పొర అదే. పొట్ట తీసెయ్యాలా అని పెద్దాయన అడిగిందీ దాని గురించే.

చేపల పులుసు మర్నాటికే రుచి అంటారు. ఆ ఆశ కూడా చూసేశాను. పొద్దున ఫ్రిజ్‌లోంచి చట్టి తీస్తే పైన పసుప్పచ్చటి మీగడలా గడ్డకట్టి ఉంది. చెంచాతో తీసి పారేసి, వేడిచేసి తిన్నాను. రాత్రికంటే నయమే. నయం అంతే.

డీప్ ఫ్రిజ్‌లో మిగిలిన సగాన్ని సోమవారం సాయంత్రం అత్తమ్మ చేతిలోకి తీసుకున్నారు. "పారెయ్యడమెందుకండీ, డబ్బులు పెట్టి కొన్నారు" అంటూ కత్తి తెమ్మన్నారు. తోలు ఒలిచేశారు. పొట్ట కొవ్వు మొత్తం కోసి తీసేశారు. ముక్కకు పక్క నుంచి నడిచే ముదురెరుపు గీతను కూడా గోటితో లాగేశారు, వాసనంతా అక్కడా ఉంటుందట. మిగిలిన కండను వేలెడంత ముక్కలు చేసి, ఉప్పూ నిమ్మరసం కలిపిన పుల్లమజ్జిగలో అరగంట ఉంచారు. కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, కారం, అల్లంవెల్లుల్లి, గుడ్డుసొన, కార్న్‌ఫ్లోర్ పట్టించి నూనెలో వేయించారు. చివర్లో పచ్చిమిర్చి, కరివేపాకు పెరుగుతో కలిపి ఒక్కసారి తిప్పారు.

తోలూ కొవ్వూ పోగా అరకిలో కూడా మిగల్లేదు. 130 చొప్పున కొన్నది తినే ముక్క లెక్కన ఎంత పడిందో మా ఆవిడ లెక్కేయబోతే టీవీ సౌండ్ పెంచాను.

పిల్లలు పళ్లెం ఖాళీ చేసేశారు. నేనూ ఓ ముక్క నోట్లో వేసుకున్నాను. మెత్తగా, తెల్లగా, ముల్లు లేకుండా, మసాలా రుచే తప్ప సొంత రుచంటూ ఏమీ లేకుండా. ఈ రుచి నాకు తెలుసు. పోయిన మాఘంలో దోస్తు పెళ్లి విందులో, అంతకుముందు కాలేజీ ఫేర్‌వెల్‌లో, ఎక్కడ అపోలో ఫిష్ పెడితే అక్కడ రెండేసి సార్లు వేయించుకుని తిన్నది ఇదే. ఒకప్పుడు కొర్రమీనుతో చేసేవాళ్లు. విందుల్లో వందల మందికి కొర్రమీను ఎవరు పెడతారు? సూపర్ మార్కెట్లో బాసా అని అట్టపెట్టెలో అమ్మేదీ ఈ జాతి చేపే. ఇన్నాళ్లూ ఫంగస్‌ని మెచ్చుకుంటూ తిని, ఇంటికి తెచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను.

"మీరూ తినండత్తమ్మా, బాగుంది" అని పళ్లెం ముందుకు జరిపాను.

"మీరు తినండి బాబూ" అన్నారు. "మేం రోజూ చూస్తాం కదండీ దాన్ని."

బుధవారం రాత్రి ఆవిడను ఆకివీడు బస్సెక్కించడానికి వెళ్లాను. కిటికీ పక్క సీటు. పిల్లల చదువు గురించి, మా ఆవిడ నడుంనొప్పి గురించి జాగ్రత్తలు చెప్పారు. బస్సు కదిలే ముందు తల బయటకు పెట్టి పిలిచారు.

"అల్లుడుగారూ, దసరాకి వచ్చేటప్పుడు కొర్రమీనో బొమ్మిడాయిలో ఐసులో పెట్టించి తెస్తానండి. మీరు మాత్రం మార్కెట్టుకి వెళ్లకండేం."